పన్ను దర్యాప్తు మధ్యలో కొత్త ఆడిటరు

నిర్వచనం

పన్ను శాఖ నోటీసు ఇచ్చాక, సర్వే లేదా సోదా జరిగాక పన్ను చెల్లింపుదారు కొత్తగా ఒక చార్టర్డ్ అకౌంటెంటు (సీఏ) దగ్గరకు వెళ్లడం, ఆ సీఏ కేసును పరిశీలించి స్వీకరించడమో వద్దనడమో ఈ వ్యాస విషయం. మామూలు రోజుల్లో వచ్చే క్లయింటుకు సమయం ఉంటుంది. దర్యాప్తు నడుమ వచ్చేవాడికి అది ఉండదు. అప్పటికే పుస్తకాలు శాఖ చేతికి వెళ్లి ఉంటాయి, వాంగ్మూలం రికార్డయి ఉంటుంది, జవాబు గడువు నడుస్తూ ఉంటుంది. కేసు చేపట్టాక చేసే వాదన కంటే చేపట్టే ముందు చేసే పరిశీలనకే ఇక్కడ విలువ ఎక్కువ.

జనవ్యవహారంలో రిటర్ను వేసే ప్రతివారూ ఆడిటరే. చట్టం అలా చూడదు. ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 288 సెక్షన్ ప్రకారం అధికారి ముందు పన్ను చెల్లింపుదారు తరఫున హాజరయ్యే అర్హత బంధువుకు, ఉద్యోగికి, న్యాయవాదికి, ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉన్న సీఏకు, మరికొన్ని వర్గాలకు మాత్రమే ఉంది. జీఎస్‌టీలో ఈ పని 116 సెక్షన్ చేస్తుంది. పెనాల్టీ పడిన తర్వాత గానీ చాలామంది చిన్న వ్యాపారులకు తమ రిటర్నులు వేసిన మనిషికి ఈ అర్హత ఉందో లేదో అడగాలని తోచదు.

చరిత్ర

ఈ వ్యాసంలో ఉదాహరణగా వచ్చే దక్షిణ తెలంగాణలోని దేవరకొండ ప్రాంతం నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా కింద ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1860 నుంచే ఆదాయపు పన్ను ఉన్నా హైదరాబాద్ సంస్థానంలో అది నిజాం పాలన చివరి ఏళ్లలో, 1357 ఫసలీ చట్టంతో వచ్చింది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్ను చట్టం, 1922 హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించింది. దాని స్థానంలో 1961 చట్టం వచ్చింది.

అకౌంటెంట్ల వృత్తికి చట్టరూపం దాదాపు అదే కాలంలో ఏర్పడింది. చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం 1949 జూలై 1న అమలులోకి వచ్చి, భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ (ఐసీఏఐ) పుట్టింది. ఒక ఆడిటరు స్థానంలోకి మరొకరు వెళ్లేటప్పుడు పాటించాల్సిన నియమం ఈ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. 2006లో క్రమశిక్షణ వ్యవస్థను సవరించారు. 2017 జనవరి 1 నుంచి ఆడిట్, ధ్రువీకరణ పనులకు క్లయింటు వివరాలు సేకరించే కేవైసీ నియమాలు, 2019లో ప్రతి ధ్రువపత్రానికీ విడి సంఖ్య ఇచ్చే యూడీఐఎన్ పద్ధతి వచ్చాయి. 2023 మే 3న కేంద్ర ఆర్థికశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ మరో అడుగు వేసింది. క్లయింటు తరఫున స్థిరాస్తి కొనుగోలు, బ్యాంకు ఖాతాల నిర్వహణ, కంపెనీల ఏర్పాటు వంటి లావాదేవీలు నడిపే సీఏలను అది మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది.

దర్యాప్తు రకాలు

క్లయింటు "నోటీసు వచ్చింది సార్" అంటాడు. ఏ నోటీసు అన్నదాన్ని బట్టి పని పూర్తిగా మారిపోతుంది. (ఇక్కడ ఇచ్చిన ఆదాయపు పన్ను సెక్షన్ల సంఖ్యలు 1961 చట్టానివి.)

అన్నిటికంటే తేలికైనది 142(1) లేదా 143(2) కింద వచ్చే స్క్రూటినీ నోటీసు. 2020 ఆగస్టు నుంచి ఇందులో ఎక్కువ భాగం ముఖాముఖి లేని పద్ధతిలో, పోర్టల్ ద్వారానే నడుస్తోంది. దేవరకొండ వ్యాపారి కేసును ఏ ఊరి అధికారి చూస్తున్నాడో అతనికీ తెలియదు, ఆడిటరుకూ తెలియదు. 148ఏ కింద వచ్చేది పాత సంవత్సరాన్ని తిరగదోడే ముందు ఇచ్చే షోకాజ్. దానికి ఇచ్చే మొదటి జవాబే తరువాతి కేసు మొత్తానికి పునాది కాబట్టి కొత్త ఆడిటరు చేతికి అది జవాబివ్వకముందే రావడం అదృష్టం.

133ఏ కింద జరిగేది సర్వే. అధికారులు వ్యాపార స్థలానికి వచ్చి నగదు, సరుకు నిల్వ, పుస్తకాలు సరిచూస్తారు, మాటలు రాసుకుంటారు. నగదును, సరుకును జప్తు చేయలేరు. పుస్తకాలను మాత్రం స్వాధీనం చేసుకోవచ్చు. పై అధికారి అనుమతి లేకుండా వాటిని సెలవులు పోను 15 రోజులకు మించి ఉంచుకోరాదు. 132 కింద జరిగేది సోదా. ఇంట్లోకీ రావచ్చు, జప్తు చేయవచ్చు, 132(4) కింద ప్రమాణం మీద వాంగ్మూలం తీసుకోవచ్చు. జీఎస్‌టీలో సోదాకు 67వ సెక్షన్, సమన్లకు 70వ సెక్షన్ ఉన్నాయి.

సర్వేలో చెప్పిన మాటకూ సోదాలో చెప్పిన మాటకూ ఒకే బరువు లేదు. సర్వేలో రాసుకున్న వాంగ్మూలం ఒక్కటే సాక్ష్యంగా నిలవదని ఎస్. ఖాదర్ ఖాన్ సన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పుకోలు ముఖ్యమైన సాక్ష్యమే అయినా తిరుగులేనిది కాదని 1973లో పుల్లంగోడ్ రబ్బర్ కేసులో చెప్పింది. సోదాల్లో, సర్వేల్లో బలవంతపు ఒప్పుకోళ్లు తీసుకోవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 2003 మార్చి 10న సర్క్యులర్ ఇచ్చి, 2014లో మళ్లీ గుర్తుచేసింది. కొత్త ఆడిటరు మొట్టమొదట అడగాల్సింది పంచనామా నకలు, వాంగ్మూలం నకలు. "నేనేం చెప్పానో గుర్తులేదు" అనే క్లయింటు తరఫున ఒక్క వాక్యం కూడా రాయకూడదు.

పాత ఆడిటరుకు లేఖ

మొదటి షెడ్యూలు మొదటి భాగంలోని 8వ క్లాజు ప్రకారం, మరో సీఏ చూస్తున్న ఆడిట్ పనిని ఆయనకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయకుండా స్వీకరించడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఇది కంపెనీ ఆడిట్‌కే కాదు, ట్యాక్స్ ఆడిట్‌కూ వర్తిస్తుంది. నోటీసులకు జవాబివ్వడం, అధికారి ముందు హాజరవడం వంటి పనులకు ఈ నిర్బంధం లేకున్నా అప్పుడూ రాయడం మంచి సంప్రదాయమని ఐసీఏఐ చెబుతుంది. దర్యాప్తు కేసుల్లో దీన్ని సంప్రదాయంగా కాక అవసరంగానే చూడాలి.

ఆ లేఖ చేరినట్టు రుజువు ఉండాలి. రసీదుతో కూడిన రిజిస్టర్డ్ పోస్టు, లేదా చేతికిచ్చి తీసుకున్న సంతకం అందుకు పనికొస్తాయి. పోస్టు చేసినట్టు ధ్రువపత్రం ఒక్కటే చాలదు. జవాబు రాకపోతే సహేతుకమైన వ్యవధి ఆగి పని చేపట్టవచ్చు. పాత ఆడిటరు అభ్యంతరం చెప్పినా పని స్వీకరించకూడదని లేదు. అయితే ఆ అభ్యంతరంలో ఏముందో చదవాలి. సరుకు నిల్వ విలువ తగ్గించి చూపమంటే ఒప్పుకోనందుకే ఆయన్ను తీసేశారా? వివాదం లేని ఆడిట్ ఫీజు బాకీ ఉందా? బాకీ ఉంటే ఐసీఏఐ 2008 మార్గదర్శకాల ప్రకారం కొత్త ఆడిటరు ఆ ఆడిట్ నియామకాన్ని అంగీకరించరాదు.

చిన్న పట్టణాల్లో ఈ లేఖ దగ్గరే మొహమాటం అడ్డొస్తుంది. పాత ఆడిటరు, కొత్త ఆడిటరు ఒకే బజారులో ఉంటారు, పెళ్లిళ్లలో కలుస్తారు. ఫోనులో మాట్లాడుకుంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు.

తొలి పనులు

చిన్న ఊళ్లలో చాలామంది పన్ను చెల్లింపుదారుల పోర్టల్ ఖాతాలో నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిల్ పాత ఆడిటరువో ఆయన గుమాస్తావో అయి ఉంటాయి. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది, డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఆయన సొరుగులో ఉంటుంది. ఇద్దరికీ చెడ్డాక నోటీసు పాత ఈమెయిల్‌కే వెళ్తుంది, గడువు దాటిపోతుంది, ఏకపక్ష అసెస్‌మెంటు వస్తుంది. దేవరకొండ నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పరుగెత్తినా అప్పుడు ప్రయోజనం ఉండదు. అందుకని కొత్త ఆడిటరు చేయించాల్సిన తొలి పని ఫోన్ నంబరు, ఈమెయిల్, పాస్‌వర్డ్ క్లయింటు పేరిట మార్పించడం. ఆ తర్వాత పోర్టల్‌లోని ఈ-ప్రొసీడింగ్స్‌లో తన పేరు అధీకృత ప్రతినిధిగా నమోదు చేయించుకుని, అధికార పత్రం మీద సంతకం తీసుకోవాలి.

క్లయింటు పుస్తకాలు, బిల్లులు క్లయింటువే. ఆడిటరు తన పని కోసం తయారుచేసుకున్న వర్కింగ్ పేపర్లు మాత్రం ఆడిటరువి, ఐసీఏఐ ప్రమాణాల ప్రకారం వాటిని 7 ఏళ్లు భద్రపరచాలి. పాత ఆడిటరు నుంచి రావాల్సినవి ఏవో, అడిగే హక్కు లేనివి ఏవో ఈ భేదంతోనే తేలతాయి. సోదాలో శాఖ తీసుకెళ్లిన పుస్తకాల నకళ్లు పొందే హక్కు 132(9) సెక్షన్ ఇస్తుంది.

నియామక లేఖలో పని పరిధి స్పష్టంగా రాయాలి. అసెస్‌మెంటు వరకేనా, అప్పీలు కూడానా? పాత సంవత్సరాల రిటర్నులకు కొత్త ఆడిటరు బాధ్యుడు కాడని అందులో ఉండాలి. ప్రమాణం మీద విచారించేందుకు 131 సెక్షన్ కింద సమన్లు వస్తే క్లయింటు స్వయంగానే వెళ్లాలి, ప్రతినిధిని పంపడం కుదరదు. ఈ సంగతి మొదటిరోజే చెప్పడం మంచిది. "అన్నీ మీరే చూసుకోండి సార్" అన్న మాట మీద కుదిరిన కేసులు తరచూ ఇక్కడే బెడిసికొడతాయి.

దక్షిణ తెలంగాణ మెట్టలో కేసుల స్వరూపం

దేవరకొండ, కొండమల్లేపల్లి చుట్టుపక్కల వ్యాపారం పత్తి, బత్తాయి, వడ్ల మీద నడుస్తుంది. ఇక్కడి పన్ను వివాదాలు కూడా ఆ పంటల చుట్టే తిరుగుతాయి.

బత్తాయి తోటనే తీసుకోండి. కాయ పిందె మీద ఉండగానే వ్యాపారి రైతుకు బయానా ఇచ్చి తోటను గుత్తకు పట్టుకుంటాడు. కాయ కోయించి, లారీకెత్తి, హైదరాబాద్ మార్కెట్లోనో ఇంకా దూరంలోనో అమ్ముతాడు. వచ్చిన నగదు బ్యాంకులో వేస్తాడు. రిటర్నులో మాత్రం ఆ లాభం "వ్యవసాయ ఆదాయం" అని పడుతుంది, 10(1) సెక్షన్ కింద పన్ను లేదు కాబట్టి. పండించిన రైతుకు ఆ మినహాయింపు ఉంది. చెట్టు మీది కాయ కొని అమ్మినవాడి లాభం వ్యాపార లాభమే. నగదు జమ చూసి శాఖ 148ఏ నోటీసు ఇచ్చిన రోజున కొత్త ఆడిటరు అడగాల్సినవి పట్టాదారు పాసుపుస్తకం, గుత్త కాగితం, లారీ రసీదులు, అన్నిటికీ మించి అడితి దుకాణం ఇచ్చిన తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు). తక్‌పట్టీ మీద రైతు పేరుందా, వ్యాపారి పేరుందా అన్నదాన్ని బట్టే సగం కేసు తేలుతుంది. వ్యాపారి పేరుంటే మినహాయింపు వాదన వదిలేసి, కొనుగోలు ఖర్చులు నిరూపించి లాభాన్ని సక్రమంగా లెక్కించడమే దారి. ఆ ఖర్చులు నిరూపించలేకపోతే మొత్తం జమనే వివరణ లేని నగదుగా లెక్కగట్టవచ్చు. అప్పుడు 1961 చట్టం 115బీబీఈ సెక్షన్ కింద పన్ను, సర్‌ఛార్జి, సెస్సు కలిసి 78 శాతం.

పత్తి జిన్నింగ్ మిల్లుల్లో ప్రశ్న వేరు. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు చెల్లిస్తే ఆ ఖర్చును 40ఏ(3) సెక్షన్ ఒప్పుకోదు. పండించిన రైతుకు చెల్లించిన నగదుకు మాత్రం 6డీడీ నియమం మినహాయింపునిచ్చింది. మధ్య దళారికి ఇచ్చిన నగదుకు ఆ మినహాయింపు లేదు. రైతు దగ్గర కొన్న పత్తి మీద మిల్లే రివర్స్ ఛార్జి పద్ధతిలో జీఎస్‌టీ కట్టాలని 2017 నవంబరు 15 నుంచి నియమం. కాబట్టి కాంటా పుస్తకంలో రాసిన పేర్లు రైతులవా, దళారులవా అన్న ఒకే ప్రశ్న రెండు చట్టాల కిందా కేసును నడిపిస్తుంది. ఆదాయపు పన్ను శాఖకు "రైతు" అని, జీఎస్‌టీ శాఖకు "దళారి" అని చెప్పిన మిల్లును ఏ ఆడిటరూ నిలబెట్టలేడు. బిల్లు లేకుండా సాగే జీరో దందా కేసుల్లో ఇలాంటి వైరుధ్యాలు తరచుగా బయటపడతాయి.

పెద్ద నోట్ల రద్దు జరిగిన 2016 నవంబరు 8 తర్వాత ఖాతాల్లో పడిన నగదు మీద దేశమంతటా విచారణలు సాగాయి. 2017 జనవరి 31న మొదలైన "ఆపరేషన్ క్లీన్ మనీ"తో అంతవరకు నోటీసు చూడని చిన్న వ్యాపారులు కూడా ఆడిటర్ల మెట్లెక్కారు.

ఉద్యోగుల కేసులు మరో తరగతి. 2025 జూలై 14న సీబీడీటీ తప్పుడు మినహాయింపులు రాసిన రిటర్ను తయారీదారుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేపట్టింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది సవరించిన రిటర్నులు వేసి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. రీఫండులో వాటా తీసుకుని రిటర్ను వేసిపెట్టే మధ్యవర్తి పట్టుబడ్డాక అతని దగ్గర వేయించుకున్న ఉద్యోగి ఒంటరిగా మిగులుతాడు. అక్కడ కొత్త ఆడిటరు మొదట చూడాల్సింది ఒక్కటే: అప్‌డేటెడ్ రిటర్ను వేసుకునే వీలు ఇంకా ఉందా? సోదా జరిగినా, ఆ సంవత్సరపు అసెస్‌మెంటు నడుస్తున్నా 139(8ఏ) సెక్షన్ ఆ దారి మూసేస్తుంది.

ప్రధాన ఉదాహరణ: సత్యం కంప్యూటర్ సర్వీసెస్

దర్యాప్తు నడుమ లెక్కలు చేపట్టడంలోని కష్టం తెలుగు నేల మీద అతిపెద్ద స్థాయిలో కనిపించింది హైదరాబాద్‌లో. 2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం ఛైర్మన్ బి. రామలింగరాజు రాసిన లేఖలో పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. తమ పాత ఆడిట్ నివేదికల మీద ఇక ఆధారపడవద్దని సత్యం ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ జనవరి 13న తెలియజేసింది. ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు మరునాడే లెక్కలను తిరిగి చూసే బాధ్యత కేపీఎంజీ, డెలాయిట్ సంస్థలకు అప్పగించింది. ఐసీఏఐ మాజీ అధ్యక్షుడు టి.ఎన్. మనోహరన్ ఆ బోర్డులో సభ్యులయ్యారు.

కొత్తగా వచ్చిన ఆడిటర్లకు ఆధారపడదగ్గ ప్రారంభ నిల్వ లేదు. ఇన్‌వాయిస్‌లు నకిలీవి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు నకిలీవి. అసలు పత్రాల్లో చాలా భాగం దర్యాప్తు సంస్థల స్వాధీనంలో ఉంది. సవరించిన లెక్కలు 2010 సెప్టెంబరు 29న గానీ వెలువడలేదు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చినవారిలో పాత ఆడిట్ సంస్థ భాగస్వాములు ఇద్దరున్నారు.

పన్ను కోణం ఇందులో విచిత్రమైనది. సంస్థ లేని ఆదాయం మీద పన్ను కట్టింది. లేని ఆదాయాన్ని తీసివేసి తిరిగి లెక్కించమని కొత్త యాజమాన్యం కోరితే సీబీడీటీ 2011లో నిరాకరించింది. సత్యాన్ని 2013లో విలీనం చేసుకున్న టెక్ మహీంద్రా ఆ వివాదాన్ని కొనసాగించింది. 2025లో తెలంగాణ హైకోర్టు సీబీడీటీ ఆదేశాన్ని కొట్టివేసి, కల్పిత ఆదాయాన్ని మినహాయించి మళ్లీ లెక్కించాలని చెప్పింది. ఒక తప్పుడు లెక్కను శాఖ ముందు సరిదిద్దించడానికి సుమారు పద్నాలుగేళ్లు పట్టింది.

గోప్యత, దాని హద్దు

క్లయింటు చెప్పిన సంగతులు అతని అనుమతి లేకుండా, చట్టం కోరకుండా బయటపెట్టడం రెండో షెడ్యూలు ప్రకారం దుష్ప్రవర్తన. ఈ గోప్యత న్యాయవాదికి ఉన్న రక్షణతో సమానం కాదు. న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య జరిగిన సంభాషణకు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 132 సెక్షన్ రక్షణ ఇస్తుంది. సీఏకు అది వర్తించదు. ఆడిటరును పిలిచి ప్రశ్నించవచ్చు, ఆయన కార్యాలయంలోనూ సోదా చేయవచ్చు. ప్రాసిక్యూషన్ ముప్పున్న కేసులో న్యాయవాదిని కూడా వెంట పెట్టుకొమ్మని మొదటి సమావేశంలోనే సలహా ఇవ్వడం ఆడిటరు ధర్మం.

అమెరికాలో 1961 నాటి కోవెల్ తీర్పు ప్రకారం న్యాయవాది నియమించుకున్న అకౌంటెంటుకు న్యాయవాది రక్షణే వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు వ్యాపారుల మీద క్రిమినల్ పన్ను దర్యాప్తు వస్తే రిటర్ను వేసిన అకౌంటెంటును పక్కనబెట్టి న్యాయవాది ద్వారా మరొకర్ని నియమించుకోవడానికి కారణం ఇదే. బ్రిటన్‌లో తీవ్రమైన ఎగవేత అనుమానం ఉన్నప్పుడు "కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ 9" కింద తప్పు ఒప్పుకునే ఒప్పందానికి 60 రోజుల గడువిస్తారు. కొత్త సలహాదారు పని మొత్తం ఆ గడువులోనే ఇమడాలి.

ఫీజు, బాధ్యత, నిరాకరణ

"తగ్గించిన పన్నులో ఇంత శాతం మీకు" అనే బేరం ఈ కేసుల్లో తరచూ ఎదురవుతుంది. కొన్ని నిర్దిష్ట పనులు మినహా, ఫలితం మీద ఆధారపడిన ఫీజు తీసుకోవడాన్ని మొదటి షెడ్యూలు 10వ క్లాజు నిషేధించింది. తప్పుడు వివరంతో నివేదిక ఇచ్చిన అకౌంటెంటుకు 271జే సెక్షన్ కింద ప్రతి నివేదికకూ 10,000 రూపాయల జరిమానా ఉంది. తప్పుడు లెక్కకు సహకరిస్తే 278 సెక్షన్ కింద జైలు శిక్ష పడవచ్చు. పాత తేదీ వేసిన బిల్లులు, వెనకటి తేదీ గుత్త కాగితాలు "తయారు చేద్దాం" అన్న క్లయింటును ఆ మాటతోనే సాగనంపాలి.

క్లయింటుకు ఉన్న హక్కులు మాత్రం తక్కువేమీ కావు. అసెస్‌మెంటు ఆర్డరు అందిన 30 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరకు వెళ్లవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో 20 శాతం కడితే మిగతా వసూలు ఆపవచ్చని 2017 జూలై 31 నాటి సీబీడీటీ ఆదేశం చెబుతుంది. ఆపైన హైదరాబాద్‌లో ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రిబ్యునల్ బెంచీలు, ఆ తర్వాత హైకోర్టు ఉన్నాయి.

ప్రస్తుత స్థితి

ఆదాయపు పన్ను చట్టం, 2025కు ఆ ఏడాది ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం లభించింది. 536 సెక్షన్లున్న ఈ చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఇందులో సెక్షన్ల సంఖ్యలు మారాయి. సోదా 247 సెక్షన్‌లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే సాగుతాయి కాబట్టి, దర్యాప్తు మధ్యలో ఫైలు అందుకునే ఆడిటరు ఇంకా కొన్నేళ్లపాటు రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని పని చేయాల్సిందే.